సందు చుక్కల ముగ్గులో మంచుపువ్వు

(శ్రీకాకుళం పట్టణంలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తి రాసింది. మధ్యలో కరెంటు పోయినప్పటి మాటలు కూడా తీసెయ్యకుండా ఉంచాం.)

అందరికీ నమస్కారం. కుర్చీ వేశారు గానీ, కూర్చుంటే నాకు మాట రాదు. నిలబడే మాట్లాడతాను.

ముందు ఒక చిక్కు చెప్పుకోవాలి. నేను మాట్లాడాల్సింది మంచు గురించి. మన భాషలో మంచు అంటే ఏది? పొద్దున్నే గరిక మీద ఉండే నీటిబొట్లూ మంచే. ధనుర్మాసంలో హైవే మీద లారీలు లైట్లు వేసుకుని మెల్లగా పోయేదీ మంచులోనే. ఫ్రిజ్‌లో పేరుకునేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. నాలుగు వేరు వేరు సంగతులకి ఒకటే మాట. నేను మేఘాల లెక్కలు కట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను, అందులో మేఘం లోపలి మంచు నా వాటా. ఈ సంగతి మొదటిసారి మా అమ్మకి చెప్తే, ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండా, "మంచు పడని ఊర్లో పుట్టి మంచు లెక్కలేటే గుంటా నీకు?" అంది.

అప్పుడు జవాబు రాలేదు. ఇప్పుడు చెప్తాను. మంచు పడని ఊరు కాదు మనది. పడుతుంది, దారిలో కరిగిపోతుంది, అంతే.

వానాకాలం చివర్లో మన ఊరి మీద ఒక పెద్ద ఉరుముల మబ్బు లేచిందనుకోండి. దాని అడుగు ఒక కిలోమీటరు ఎత్తులో ఉంటుంది. తల పదిహేను కిలోమీటర్ల దాకా వెళ్తుంది. మన దగ్గర సుమారు ఐదు కిలోమీటర్లు పైకి వెళ్తే చాలు, సున్నా డిగ్రీలు. ఐదు కిలోమీటర్లంటే ఎంత? ఇక్కడి నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకి వెళ్లాలన్నా అంతకు రెట్టింపు పైనే. (నవ్వులు) ఊరి పేరు పెట్టుకున్న స్టేషను ఆమదాలవలసలో ఉందని కొత్తవాళ్లకి చెప్పేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. సరే. స్టేషను కన్నా దగ్గరలో, నెత్తి మీద, గడ్డకట్టే చలి ఉంది. ఆ మబ్బులో మూడింట రెండు వంతులకు పైగా ఆ చలిలోనే ఉంది.

అన్ని వానలూ మంచు నుంచే రావు. పొట్టి మబ్బుల నుంచి పడే తుంపర, సముద్రం మీద నుంచి వచ్చే చిన్న జల్లు మంచుతో పనిలేకుండానే పడతాయి. కానీ నేల మీద కురిసే పెద్ద వానల్లో చాలా భాగం పైన మంచుగా పుట్టినదే.

ఎలా పుడుతుంది? ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. సున్నా దాటగానే నీరు గడ్డకట్టేస్తుందని బడిలో చదువుకున్నాం. మబ్బులో అలా జరగదు. అందులో నీటిబొట్లు చాలా చిన్నవి, మిల్లీమీటరులో వందో వంతు. అవి మైనస్ పదిలో కూడా నీరుగానే ఉంటాయి, మైనస్ ఇరవైలోనూ ఉండగలవు. వేరే ఏమీ కలవని శుద్ధమైన బొట్టయితే సుమారు మైనస్ 38 దాకా మొండికేస్తుంది. దానికి కావలసింది తోడు. పాలు గిన్నెలో పోసి ఊరికే కూర్చుంటే పెరుగవుతుందా? ఒక చుక్క తోడు వెయ్యాలి. మబ్బుకి తోడు గాలిలో కొట్టుకొచ్చిన మట్టి ధూళి, కొన్ని రకాల బ్యాక్టీరియా. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా ఈ పనిలో దిట్ట, మైనస్ రెండు మూడు డిగ్రీల దగ్గరే నీటిని గడ్డకట్టించగలదు. 1946లో అమెరికాలో బెర్నార్డ్ వానెగట్ అనే శాస్త్రవేత్త సిల్వర్ అయోడైడ్ అనే రసాయనం కూడా తోడుగా పనిచేస్తుందని కనిపెట్టాడు. మేఘమథనం అని మనం పేపర్లో చదివేదానికి మొదలు ఆ చుట్టుపక్కలే.

తోడు దొరికి ఒక బొట్టు గడ్డకట్టింది. చుట్టూ వేల బొట్లు ఇంకా నీరుగానే ఉన్నాయి. ఇప్పుడు అన్యాయం మొదలవుతుంది. నీటి పట్టు కన్నా మంచు పట్టు గట్టిది. మంచు నుంచి ఆవిరి తప్పించుకోవడం కష్టం. అందుకని నీటిబొట్టుకి సరిగ్గా సరిపోయే తేమ మంచుముక్కకి ఎక్కువ అవుతుంది. మైనస్ 15 దగ్గర ఆ ఎక్కువ దాదాపు 15 శాతం. మంచుముక్క ఆవిరి తాగుతుంది, గాలి ఆరుతుంది, గాలి ఆరిందని నీటిబొట్లు ఆవిరై చిక్కిపోతాయి, ఆ ఆవిరీ మంచుకే చేరుతుంది. ఈ సంగతి 1911లోనే ఊహించినవాడు ఆల్ఫ్రెడ్ వెగెనర్. అవును, ఖండాలు కదులుతాయని చెప్పిన ఆయనే. తర్వాత బెర్జెరాన్, ఫిండైసన్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వాన పుట్టుకకి ముడిపెట్టారు. వాన చుక్క ఒకటి కావాలంటే పదిలక్షల మబ్బుబొట్లు కలవాలి. అవి ఒకదానికొకటి గుద్దుకుంటూ అంత కావాలంటే ఆలస్యం. మంచు దగ్గర దారి ఉంది.

ఇంతవరకూ ఒక కథ. ఆవిరి తాగి ఆ మంచుముక్క ముద్దలా ఉబ్బితే నాకు ఉద్యోగమే లేకపోను. అది పువ్వవుతుంది. ఆరు రెక్కలు, ఒక్కో రెక్కకి కొమ్మలు, కొమ్మలకి రెమ్మలు. 1611లో కెప్లర్, గ్రహాల దారులు లెక్కకట్టిన కెప్లర్, తన కోటు మీద పడ్డ మంచుని చూసి, ఎప్పుడూ ఆరే ఎందుకు, ఐదు ఎందుకు కాదు, ఏడు ఎందుకు కాదు అని ఒక చిన్న పుస్తకం రాసి కొత్త సంవత్సరం కానుకగా స్నేహితుడికి ఇచ్చాడు. పుస్తకం చివరికొచ్చినా జవాబు దొరకలేదు, దొరకలేదని ఒప్పుకున్నాడు కూడా. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి మొదటి ఫొటో తీశాడు, చనిపోయేలోపు ఐదు వేలకు పైగా తీశాడు. ఇదిగో, ఈ స్లైడ్ మీద ఆయన తీసిన...

(కరెంటు పోయింది.)

పోయిందా! పర్లేదు, పర్లేదు, కూర్చోండి. జనరేటర్ ఉందా? డీజిల్ లేదా? సరే. నా స్లైడ్లన్నీ పోయినట్టే. ఫోన్లలో టార్చి వెయ్యండి. సుద్దముక్క ఉందా ఎవరి దగ్గరన్నా? ఈ గచ్చు నున్నగానే ఉంది. ముగ్గు వచ్చినవాళ్లు ఇద్దరు రండమ్మా. అబ్బాయిలకి వస్తే వాళ్లూ రావచ్చు. ఏం బాబూ, వచ్చా? రా, రా. (చప్పట్లు)

పదిహేను చుక్కలు పెట్టండి. సందు చుక్క, ఎనిమిది దాకా.

చూస్తున్నారా వెనకాల వాళ్లు? ఎదురు చుక్క పెడితే చదరంగం గళ్లలా వస్తాయి. సందు చుక్క పెడితే, పై వరస చుక్క కింది రెండు చుక్కల సందులో కూర్చుంటుంది కాబట్టి, ప్రతి చుక్కకీ సరిగ్గా ఆరుగురు ఇరుగుపొరుగు. పదిహేను నుంచి అటు ఎనిమిది, ఇటు ఎనిమిది దాకా దిగితే మొత్తం ఆకారమే ఆరు పలకలు. 169 చుక్కలు వస్తాయి, లెక్క పెట్టుకోండి. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరేసి చొప్పున ఉంగరాలుగా చేతులు పట్టుకుంటాయి. మంచు పువ్వులో ఆరు అక్కడి నుంచి వచ్చింది. మన చుక్క ఒక్కటి అణువు కాదు, చాలా అణువులున్న చిన్న జాగా అనుకోండి.

ఇప్పుడు నడిమధ్య చుక్కని నింపండి. అది గడ్డకట్టిన మొదటి ముక్క. ఇక ఒకటే సూత్రం. ఖాళీ చుక్క తన ఆరుగురు ఇరుగుపొరుగులో సరిగ్గా ఒక్కరు గడ్డకట్టి ఉంటేనే తానూ గడ్డకడుతుంది. ఎవరూ లేకపోతే కట్టదు. ఇద్దరు, ముగ్గురు ఉన్నా కట్టదు. ఎందుకంటే గడ్డకట్టేటప్పుడు వేడి బయటికొస్తుంది, చుట్టూ ఆవిరి కూడా అయిపోతుంది. ఇద్దరి మధ్య ఇరుక్కున్నవాడికి ఏమీ మిగలదు. 1980లలో నార్మన్ ప్యాకర్డ్ అనే శాస్త్రవేత్త రాసిన సూత్రం ఇది. ఇంతే. పువ్వు అనే మాట ఇందులో ఎక్కడా లేదు చూడండి.

మొదటి విడత. మధ్య చుక్క చుట్టూ ఉన్న ఆరింటికీ పొరుగు ఒక్కటే. ఆరూ నింపండి. ఏడయ్యాయి. రెండో విడత. ఇప్పుడు చుట్టూ పన్నెండు ఉన్నాయి. మూలన ఉన్న ఆరింటికి పొరుగు ఒకటే, నింపండి. మూలల మధ్యలో ఉన్న ఆరింటికి రెండేసి, వదిలెయ్యండి. పదమూడు. ఏమైంది? ఆరు కొనలు పొడుచుకొచ్చాయి. మూడో విడత... మెల్లగా చెయ్యండి, తొందర లేదు. మూడో వలయంలో పద్దెనిమిది. ఒక్కోటి చూడండి. అన్నిటికీ పొరుగు ఒక్కటే! మొత్తం నింపండి. ముప్పై ఒకటి. మనం రెండో విడతలో వదిలేసిన ఆరు ఖాళీలు లోపల చిక్కిపోయాయి, ఇక అవి ఎప్పటికీ నిండవు. చూశారా, చుక్కలు పెట్టినవాళ్లు ఎవరూ అనుకోని కిటికీలు వచ్చాయి. మీరు అలాగే నాలుగు, ఐదు చేస్తూ ఉండండి. నేను మాట్లాడుతూ ఉంటాను.

మొదట్లో నేను ఈ ప్రోగ్రాము రాసినప్పుడు ఒక తమాషా జరిగింది. కంప్యూటర్‌లో సందు చుక్క ఉండదు, మామూలు గళ్ల పట్టికే ఉంటుంది. ఒక వరసని సగం జరిపినట్టు అనుకుని లెక్క రాస్తాం. అది బాగానే రాశాను. నడిపితే పువ్వు రాలేదు. ఒక పక్కకి వాలిపోయిన చీపురుకట్టలా వచ్చింది. రెండు రోజులు సూత్రాన్ని అనుమానించాను. తప్పు సూత్రంలో లేదు. పైవరస నుంచి ఒక్కో చుక్కనీ చూసుకుంటూ వస్తూ, గడ్డకట్టినదాన్ని అక్కడికక్కడే పాత పట్టికలోనే రాసేస్తున్నాను. దాంతో తర్వాతి చుక్క పక్కచుక్క నిన్నటి స్థితి కాకుండా ఇవాళ్టి స్థితి చూస్తోంది. రెండు పట్టికలు పెట్టుకోవాలి: పాతది చూసి కొత్తదానిలో రాయాలి, అందరూ ఒక్కసారే మారాలి. ఇక్కడ కంప్యూటర్ సైన్సు పిల్లలున్నారు కదా, ఈ తప్పు మీరూ చేస్తారు. చేసినప్పుడు నేను గుర్తొస్తాను.

ఈ ఒకటీ-సున్నా ముగ్గు చూడ్డానికి ముచ్చటే గానీ, దీన్లో ఆవిరి లేదు. 2005లో క్లిఫర్డ్ రైటర్ అనే గణితవేత్త ఒక మెట్టు ఎక్కించాడు. ఆయన దగ్గర ప్రతి చుక్కలో కొంత నీరు ఉంటుంది, 0.4 అనో 0.7 అనో. ఒకటి దాటితే మంచు. మంచుకి ఆనుకుని ఉన్న చుక్కలు తమకి వచ్చిన నీటిని దాచుకుంటాయి. మిగతావి ఇరుగుపొరుగుతో సమంగా పంచుకుంటాయి, ఆవిరి పాకినట్టు. మొదట్లో గాలిలో ఎంత తేమ ఉంది, విడతకి ఎంత కొత్త తేమ కలుస్తోంది, ఈ అంకెలు అటూ ఇటూ చేస్తే ఒకసారి పలకలాంటి బిళ్ల, ఒకసారి ఫెర్న్ ఆకులాంటి కొమ్మలు.

కొమ్మలు ఎందుకొస్తాయి? వరిమడి చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గట్టు పక్క దుబ్బులు ఎప్పుడూ ఏపుగా ఉంటాయి. ఎండా గాలీ వాటికి ఒక పక్క నుంచి ధారాళంగా దొరుకుతాయి, మడి మధ్యలో ఉన్నవి పోటీలో నలుగుతాయి. మంచుబిళ్ల ఆరు మూలలూ గట్టు పక్క దుబ్బులు. మూల కాస్త ముందుకు పొడుచుకొస్తే ఇంకా తాజా ఆవిరిలోకి వెళ్తుంది, అందుకని ఇంకా పెరుగుతుంది, పెరిగింది కాబట్టి ఇంకా ముందుకి. నిదానంగా పెరిగితే ఆవిరి అన్ని వైపులకీ అందే సావకాశం ఉంటుంది, బిళ్లగానే ఉంటుంది. తేమ ఎక్కువై తొందరగా పెరిగితే కొమ్మలేస్తుంది.

ఇక అందరూ అడిగేది: ఆరు రెక్కలూ ఒకేలా ఎలా ఉంటాయి? తూర్పు రెక్క ఏం చేసిందో పడమటి రెక్కకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పువ్వు ఒక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో. అది మబ్బులో ఏ చలిలోంచి, ఏ తేమలోంచి పడుతూ వచ్చినా ఆరు రెక్కలూ కలిసే ఆ దారిన వచ్చాయి. ఒకే పూట ఒకే తిండి. పక్క పువ్వు రెండడుగుల అవతల వేరే గాలిలో చిక్కుకుని ఇంకో దారిన వచ్చింది, అందుకే దాని బొమ్మ వేరు.

ఆ దారి చదవొచ్చని చూపించినవాడు ఉకిచిరో నకాయా. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి భౌతికశాస్త్రం చెప్పడానికి వెళ్లాడు. తనకి వచ్చిన రంగానికి కావలసిన పరికరాలు అక్కడ లేవు. ఉన్నదల్లా చలి, మంచు. దాన్నే పట్టుకున్నాడు. చల్లటి గదిలో మంచు పువ్వుని పెంచాలంటే దాన్ని దేనికన్నా వేలాడదియ్యాలి. సన్నటి దారాలు ఎన్నో వాడి చూశాడు, ఏదీ కుదరలేదు. చివరికి కుందేలు వెంట్రుక కుదిరింది. 1936లో మనిషి పెంచిన మొదటి మంచు పువ్వు దాని మీద విచ్చుకుంది. తర్వాత చలీ తేమా మారుస్తూ ఏ పూట ఏ ఆకారం వస్తుందో పటం గీశాడు. సున్నాకి కాస్త దిగువన పలచటి బిళ్లలు. మైనస్ ఐదు దగ్గర సూదులు, సన్నటి స్తంభాలు. మైనస్ పదిహేను దగ్గర మళ్లీ బిళ్లలు, తేమ దండిగా ఉంటే ఆరు కొమ్మల పువ్వులు. ఇంకా కిందికి, మైనస్ ఇరవై రెండు దాటాక, స్తంభాలు మళ్లీ. మంచు పువ్వు ఆకాశం పంపిన ఉత్తరం అన్నాడాయన. ఉత్తరం అనే మాట కవిత్వమే గానీ, పటం మాత్రం కాదు. కొమ్మ మొదట్లో బిళ్ల, చివర్లో స్తంభం ఉంటే ఆ పువ్వు మైనస్ పదిహేను నుంచి మైనస్ ఐదుకి దిగిందని చెప్పెయ్యొచ్చు.

బిళ్ల, సూది, బిళ్ల, స్తంభం. ఇరవై చిల్లర డిగ్రీల తేడాలో ఇలా పిల్లిమొగ్గలు ఎందుకు? ఇది ఇప్పటికీ తగువే. మంచు పైముఖం, పక్కముఖం ఆవిరి అణువుల్ని ఏ వేగంతో పట్టుకుంటాయన్నది చలిని బట్టి మారుతుంది; ఎందుకలా మారుతుందన్న దాని మీద అమెరికాలో కాల్‌టెక్ అనే విశ్వవిద్యాలయంలో కెన్నెత్ లిబ్రెక్ట్ ఏళ్లుగా ప్రయోగాలు చేస్తూ లెక్కలు కడుతున్నాడు.

ముగ్గు నేల మీద ఉంటుంది, మంచు పువ్వుకి మందం ఉంటుంది. 2009లో యాంకో గ్రావ్నర్, డేవిడ్ గ్రిఫెత్ అనే ఇద్దరు గణితవేత్తలు సందు చుక్కల ముగ్గుని వరసలు వరసలుగా పేర్చి మూడు కొలతల్లో పెంచారు. వాళ్ల ఒక్కో గడి సుమారు మిల్లీమీటరులో వెయ్యో వంతు. ప్రతి విడతలో ఆవిరి పాకుతుంది, అంచున కొంత గడ్డకడుతుంది, కొంత తిరిగి కరుగుతుంది, చాలినంత పేరుకుంటే ఆ గడి పువ్వులో చేరిపోతుంది. ఒక్క పువ్వు పూర్తవడానికి అప్పటి కంప్యూటర్‌కి దాదాపు ఒక రోజు పట్టేది. కొమ్మల మీద నరాల్లా గట్లు, రెండు బిళ్లల మధ్య సన్నటి సందు, ఇవన్నీ బెంట్లీ ఫొటోల్లో ఉన్నట్టే వాటంతటవే వచ్చాయి.

నా మాట కొంచెం కఠినంగా ఉంటుందేమో. బొమ్మ కలిసింది కదా అని మనకి అంతా తెలిసిపోయినట్టు కాదు. ముగ్గు బాగుందని ఇల్లు ఊడ్చినట్టు కాదు కదా. (నవ్వులు) వాళ్ల నమూనాలో తిప్పే మరలు, అంటే మనం మార్చుకునే అంకెలు, చాలా ఉన్నాయి. ఏ మర ఎంత తిప్పితే మైనస్ పన్నెండు డిగ్రీలు అవుతుందో నేరుగా చెప్పలేం, ఆ మాట వాళ్లే అంటారు. పైగా బెంట్లీ ఫొటోలు కూడా ఏరి తీసినవి. ఆకాశం నుంచి పడేవాటిలో ఎక్కువ వంకరవి, విరిగినవి, ఒకదానికొకటి అంటుకున్నవి. నేను ఎనిమిదేళ్లు మంచు ప్రోగ్రాములు రాశాక, ముప్పై ఒకటో ఏట, మనాలీలో మొదటిసారి మంచు పడటం చూశాను. నల్ల స్వెట్టర్ చేతి మీద పట్టి భూతద్దం పెట్టి వెతికాను. గంటసేపటికి నాలుగు మంచి పువ్వులు దొరికాయి. మిగతాదంతా తవుడే.

(కరెంటు వచ్చింది.)

హమ్మయ్య. కానీ స్లైడ్లు ఇప్పుడు వద్దులెండి, ముగ్గే బాగుంది.

ఒక్క పువ్వుకి ఒక రోజు పడితే, మబ్బు మాటేమిటి? 2025లో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టం అనే వాతావరణ నమూనా లెక్క కోసం భూమిని ఆరు కిలోమీటర్ల గళ్లుగా కోస్తుంది. ప్రపంచంలో అంత సన్నగా కోసే నమూనాలు తక్కువ. అయినా ఆ గడి మన పట్టణం మీద పడితే నాగావళి వంతెనా, అరసవల్లి గుడీ ఒకే గడిలోకి వచ్చేస్తాయి. ఆ గడిని అర కిలోమీటరు మందం మబ్బుగా తీసుకుందాం. లీటరు గాలిలో పది మంచుముక్కలు అనుకున్నా, ఆ ఒక్క గడిలో 180 లక్షల కోట్ల ముక్కలు. ఒక్కోదాని కొమ్మలు లెక్కపెట్టడం అయ్యే పని కాదు.

అందుకని ఏం చేశారంటే, పద్దుల పుస్తకం పెట్టారు. ఈ గడిలో చిన్న మంచుముక్కలు ఇంత బరువు, గుత్తులుగా అంటుకున్న మంచు ఇంత, నీటిబొట్లు తగిలి గడ్డకట్టిన మెత్తని గుండ్లు ఇంత, వడగళ్లు ఇంత. ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకి మార్చడానికి సూత్రాలు. ఈ మార్పిడులే నా రోజువారీ తలనొప్పి. చిన్న మంచుముక్క ఏ క్షణాన గుత్తి పద్దులోకి వెళ్లాలి? ప్రకృతిలో అలాంటి క్షణం లేదు. మనమే ఒక గీత గీశాం. ఆ గీత కాస్త జరిపితే, వాన ఇక్కడ పడాల్సింది ఇరవై కిలోమీటర్ల అవతల పడుతుంది, ఎందుకంటే చిన్న ముక్క గాల్లో తేలుతూ పోతుంది, గుత్తి సెకనుకి ఒక మీటరు చొప్పున దిగుతుంది, గుండు ఇంకా వేగంగా పడుతుంది. 2015లో మారిసన్, మిల్‌బ్రాంట్ అనే శాస్త్రవేత్తలు ఈ గీతల్ని చెరిపేద్దామన్నారు. మంచుకి పేర్లు పెట్టడం మాని, ఎంత బరువు, ఎంత గుల్ల, ఎంత నీరు అతుక్కుంది అని లక్షణాలు మాత్రం రాసుకోవాలని. నాకు ఆ దారి నచ్చుతుంది. ఇంకొందరు ప్రతినిధుల్ని పెడతారు: లెక్కలో ఒక్క ముక్క, కానీ అది కోట్ల ముక్కల తరఫున పడుతుంది, గుద్దుకుంటుంది, కరుగుతుంది. ఎమ్మెల్యేలాంటిది అనుకోండి. (నవ్వులు) మన ఎమ్మెల్యేల కన్నా నమ్మకస్తులే, లెక్క తప్పితే వెంటనే పట్టుబడతారు.

దీనికీ మనకీ ఏమిటి సంబంధం అంటే, ఒకటి పిడుగు. పిడుగు కాలంలో మీ ఫోన్లకి విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి హెచ్చరిక వస్తుంది కదా. పిడుగుకి కావలసిన విద్యుత్తు పుట్టేది మంచు గుండ్లూ చిన్న మంచుముక్కలూ పైన ఒకదానికొకటి రాసుకున్నప్పుడు. చిన్నవి ఒక రకం విద్యుదావేశం పట్టుకుని గాలితో పైకి పోతాయి, గుండ్లు రెండో రకం పట్టుకుని కింద ఉండిపోతాయి. మంచు లేని మబ్బు గర్జించడం చాలా అరుదు. పొలంలో నాట్లు వేసేవాళ్ల నెత్తి మీద ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తులో మంచు మంచుని గుద్దుకుంటోంది. ఆ గుద్దులాటని గడిలో ఎలా రాశామన్న దాని మీద హెచ్చరిక ముందు వస్తుందా, వెనక వస్తుందా అన్నది కొంత ఆధారపడుతుంది.

రెండోది తుఫాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కింది. ఉద్దానం వాళ్లు ఉన్నారా ఇక్కడ? ఆ కొబ్బరిచెట్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. తుఫాను దారి చెప్పడం ఇప్పుడు బాగా మెరుగైంది. అది ఎంత బలపడుతుందో చెప్పడం అంత మెరుగు కాలేదు. దారిని నడిపేది చుట్టూ ఉన్న పెద్ద గాలులు. బలాన్ని నడిపేది లోపలి మబ్బుల్లో ఆవిరి నీరై, నీరు మంచై, విడిచే వేడి. మా పద్దుల పుస్తకంలో తప్పు అక్కడ బయటపడుతుంది.

మంచు కరిగే చోటు మీరు చూడనూ వచ్చు. విశాఖలో కైలాసగిరి మీద డాప్లర్ రాడార్ ఉంది. వాన నిదానంగా, ఏకధాటిగా కురిసేటప్పుడు దాని నిలువుకోత బొమ్మలో ఐదు కిలోమీటర్లకి కాస్త కింద ఒక పట్టీ మెరుస్తుంది. మంచు గుత్తి పైపైన కరిగి తడి పూత పూసుకుంటే రాడార్ దాన్ని పెద్ద నీటిబొట్టు అనుకుంటుంది. ఇంకాస్త దిగేసరికి గుత్తి కూలి చిన్న చుక్కవుతుంది, వేగంగా పడుతుంది, మెరుపు తగ్గుతుంది. మా అమ్మకి ఆ బొమ్మ చూపించాను. "ఇదేనేటి నీ మంచు?" అంది. "గీతంత ఉంది" అంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: మేడం, లంబసింగిలో పడేది స్నోనే కదా?)

కాదు నాయనా. యూట్యూబ్‌లో అలాగే పెడతారు. అక్కడ చలి బాగా ముదిరిన రాత్రి గడ్డి మీద తెల్లగా కనబడేది పైనుంచి పడింది కాదు, అక్కడే పుట్టింది. ఆకు సున్నా కన్నా చల్లబడితే గాలిలో ఆవిరి నీరు కాకుండానే మంచుగా అతుక్కుంటుంది. అయితే ఒకటి, పెరిగే తీరు మబ్బులోలాగే. ఈసారి వెళ్తే తెల్లవారకముందే లేచి భూతద్దం పట్టుకెళ్లు. ఆకు అంచు మీద సూదులూ బిళ్లలూ దొరుకుతాయి.

(ఒక ఉపాధ్యాయుడు: మేడం, ఇవి ఇంటర్ పిల్లలు ఇంట్లో చేసుకోగలరా?)

పైథాన్ అనే కంప్యూటర్ భాష వచ్చినవాళ్లు ఒక సాయంత్రంలో ప్యాకర్డ్ ముగ్గు రాసేస్తారు మేష్టారూ, రైటర్‌ది వారం. కంప్యూటర్ లేకపోతే గచ్చు ఉంది. ఎక్కడిదాకా వచ్చారమ్మా? ఐదో విడతా?

ఆగండాగండి. ఈ మూల దగ్గర చూడండి. నాలుగో విడతలో ఆరు మూలలే నిండాలి, ముప్పై ఏడు రావాలి. ఇక్కడ మూల పక్కన ఇంకో చుక్క నింపేశారు. ఎవరు, నువ్వా బాబూ? చీకట్లో కనబడలేదా? దాని వల్ల ఐదో విడతలో ఇక్కడ నిండాల్సినది ఇద్దరు పొరుగులై ఖాళీగా మిగిలింది, అక్కడ ఖాళీగా ఉండాల్సినది నిండింది. మిగతా ఐదు రెక్కలూ ఒకలా ఉన్నాయి, ఇదొక్కటి మెడ తిప్పింది.

తుడవకు, తుడవకు. సుద్ద ఇటివ్వు. దీంతోనే ఆరో విడత వేద్దాం, ఈ రెక్క ఎటు పోతుందో చూద్దాం.